తుంగభద్ర ఒడ్డున మన ఊరు
(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో జమాఖర్చులు చదువుకుంటాం. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అని చూసుకుంటాం. ఈసారి కర్నూలు చరిత్ర మీద నాలుగు మాటలు చెప్పాలని పెద్దలు కోరారు. లెక్కల సభలో చరిత్ర ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఊరి చరిత్ర కూడా ఒక జమాఖర్చుల పుస్తకమే. ఇక్కడికి ఎందరో వచ్చారు, పాలించారు, ఖర్చు పెట్టారు. ఎవరు దేని మీద ఖర్చు పెట్టారు, అందులో ఈనాటికి మనకు అందుతున్నదేమిటి అని ఒకసారి లెక్క చూసుకుందాం.

రెండు ఏర్ల నడుమ

మన ఊరు రెండు ఏర్ల నడుమ పుట్టింది. పడమటి నుంచి తుంగభద్ర వస్తుంది. మద్దికెర వైపు చేలల్లో పుట్టిన హంద్రీ దక్షిణం నుంచి వచ్చి ఇక్కడే అందులో కలుస్తుంది. ఇక్కడి నుంచి తుంగభద్ర అలంపురం మీదుగా పోయి కృష్ణలో కలుస్తుంది. వేసవిలో చూస్తే హంద్రీ ఒక వాగులాగా కనిపిస్తుంది. తుంగభద్రలో కూడా ఇసుక మేటలు, బండలు తేలి ఉంటాయి. ఆ రోజుల్లో మనుషులూ బండ్లూ ఏరు దాటడానికి వీలైన చోటు కాబట్టే ఇక్కడ ఊరు వెలిసింది.

ఈ చుట్టుపక్కల మనిషి జాడ చాలా పాతది. ఓర్వకల్లు మండలంలోని కేతవరం దగ్గర కొండ బండల మీద చరిత్రకు ముందు కాలపు మనుషులు గీసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల గురించి 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు ఆ గుహలను తవ్వి పురాతన జంతువుల ఎముకలను బయటికి తీశారు. మన దేశ పూర్వచరిత్ర పరిశోధనలో ఆ తవ్వకాలకు పెద్ద స్థానం ఉంది.

ఆ తరువాత రాత వచ్చింది. పత్తికొండ, గుత్తి మధ్య ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దం నాటివి. బ్రాహ్మీ లిపిలో చెక్కిన ఆ శాసనాల్లో చెప్పిన విషయాలేమిటో తెలుసా? మనుషులకూ పశువులకూ మందుమూలికలు నాటించడం, బాటల వెంట బావులు తవ్వించడం, చెట్లు పెట్టించడం. మన జిల్లాలో మనకు దొరికిన తొలి రాతల్లో ఒకటి దారిన పోయేవాడి దాహం గురించి. దానధర్మాల సంస్థలో పనిచేసే మనకు ఇది గుర్తుంచుకోదగిన సంగతి.

కందెన పెట్టిన ఊరు

కర్నూలు అనే పేరు కందెనవోలు, కందనవోలు నుంచి వచ్చింది. ఊళ్లో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. ఏరు దాటి అవతలి ఒడ్డున అలంపురంలో గుడి కడుతున్న రోజుల్లో రాళ్లు తోలే ఎడ్ల బండ్లు ఇక్కడ ఆగేవట. ఏట్లో దిగే ముందు బండి ఇరుసులకు కందెన పెట్టించుకునేవారట. అలా కందెన దొరికే చోటు కందెనవోలు అయిందంటారు.

అలంపురంలోని నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలంలో, ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టినవి. ఆ ఆలయాల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. ఏటికి ఆ ఒడ్డున గుడీ దర్గా పక్కపక్కనే ఉన్నట్టు, ఈ ఒడ్డున మన బతుకులు కూడా అలాగే పక్కపక్కన సాగుతూ వచ్చాయి.

కథ ఎంతవరకు నిజమో చరిత్రకారులు చూసుకుంటారు. మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. చాలా ఊళ్లకు రాజుల పేర్లో, దేవుళ్ల పేర్లో ఉంటాయి. మన ఊరికి మాత్రం దారిన పోయేవాడికి చేసిన చిన్న సాయం పేరు పెట్టుకున్నారు. నవాబుల కాలంలో కమర్‌నగర్ అని కూడా పిలిచారు. ఆ పేరు కాగితాల్లో మిగిలింది. జనం నోట మాత్రం కందెనవోలే కర్నూలై నిలిచింది.

కోటలు, గుమ్మటాలు

విజయనగర రాజు అచ్యుతదేవరాయలు పాలించిన 1529 నుంచి 1542 మధ్య కాలంలో ఇక్కడ కోట కట్టారని చెబుతారు. ఊరి నడిబొడ్డున మనం రోజూ చూసే కొండారెడ్డి బురుజు ఆ కోటలోదే. అలంపురం పాలకుడైన కొండారెడ్డిని ఇందులో బంధించారనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ అంటారు. బురుజు కింది నుంచి ఏటి అడుగుగా గద్వాల దాకా సొరంగం ఉందని పెద్దలు మన చిన్నతనంలో చెప్పిన కథ మనందరికీ తెలిసిందే.

తళ్లికోట యుద్ధం తరువాత విజయనగరం బలం తగ్గింది. 17వ శతాబ్దం తొలి దశకాల్లో ఈ కోట బీజాపూర్ సుల్తానుల చేతికి వచ్చింది. వారి తరఫున ఇక్కడ పాలించినవాడు అబ్దుల్ వహాబ్ ఖాన్. హంద్రీ ఒడ్డున, ఉస్మానియా కాలేజీ దారిలో, రెండు గుమ్మటాలతో కనిపించే గోల్ గుమ్మజ్ ఆయన సమాధే. బీజాపూర్ పనివాళ్ల చేతి నేర్పు ఆ కమానుల్లో కనిపిస్తుంది.

1686లో బీజాపూర్ మొగలుల వశమైంది. ఆ తరువాత కర్నూలు పన్నీ వంశపు పఠాన్ల జాగీరుగా మారింది. ఆ వంశంలో దావూద్ ఖాన్ పన్నీ దక్షిణాదిలో మొగలు సేనలను నడిపి, కర్ణాటక నవాబుగా కూడా పనిచేశాడు. అక్కడి నుంచి నూటముప్పై ఏళ్ల పైచిలుకు కర్నూలు నవాబుల ఊరు. సైనికులతో పాటు చేతివృత్తులవాళ్లు, ఆలిములు, సూఫీలు, వ్యాపారులు వచ్చి స్థిరపడ్డారు. పాతబస్తీ వీధుల పేర్లలో, మన ఇళ్లల్లో మాట్లాడే దక్కనీ ఉర్దూలో, అదే నోటితో అంతే సులువుగా పలికే సీమ తెలుగులో ఆ కాలం ఇంకా వినిపిస్తుంది.

అయితే నవాబుల కాలమంతా వెన్నెల కాదు. 1750 డిసెంబరులో నిజాం నాసిర్ జంగ్ హత్యకు గురయ్యాడు. ఆ కుట్రలో కర్నూలు, కడప నవాబుల చేయి ఉంది. రెండు నెలలు తిరక్కుండానే, 1751 ఫిబ్రవరిలో, కొత్త నిజాం ముజఫ్ఫర్ జంగ్‌కూ అదే నవాబులకూ తగవు వచ్చింది. ఆ పోరులో ముజఫ్ఫర్ జంగ్, కర్నూలు నవాబు ఇద్దరూ చనిపోయారు. తరువాత నిజాం అయిన సలాబత్ జంగ్, ఆయనకు అండగా ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ హైదరాబాదు వైపు పోతూ కర్నూలు కోట మీద పడ్డారు. నవాబు ఎక్కడో దూరాన చేసిన కయ్యానికి కోటలో ఉన్న జనం ప్రాణాలతో మూల్యం చెల్లించారు.

1839

మన ఊరి చరిత్రలో మనం తప్పకుండా తెలుసుకోవలసిన సంవత్సరం 1839. అప్పటికి కర్నూలు ఈస్టిండియా కంపెనీకి పేష్కష్ కట్టే చిన్న రాజ్యం. నవాబు గులాం రసూల్ ఖాన్. హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలాతో కలిసి ఆయన కంపెనీ మీద తిరుగుబాటుకు సిద్ధమవుతున్నాడని ఇంగ్లీషువాళ్లకు కబురు అందింది. సైన్యం వచ్చి కోటను సోదా చేసింది. జనానాలోనూ తోటల్లోనూ ఫిరంగులు పోతపోసే కొలుములు, వందల ఫిరంగులు, లెక్కలేనంత మందుగుండు బయటపడ్డాయని కంపెనీ కాగితాలు చెబుతున్నాయి. అక్టోబరులో ఊరి పక్కన తుంగభద్ర ఒడ్డునే ఉన్న జోహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబు పట్టుబడ్డాడు. ఆయన్ను తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి ఏడు 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. కర్నూలును కంపెనీ కలిపేసుకుంది. 1858లో అది కలెక్టరు పాలనలో జిల్లా అయింది. 1860లలో కోటను పడగొట్టారు. కొన్ని బురుజులు, ద్వారాలు మాత్రమే మిగిలాయి.

గులాం రసూల్ ఖాన్‌ను 1857 కంటే ముందే ఇంగ్లీషువాళ్లను ఎదిరించడానికి పూనుకున్నవాడిగా గౌరవించే చరిత్రకారులున్నారు. ఆ గౌరవం ఆయనకు దక్కవలసిందే. ఆయన ధైర్యాన్ని మనం తక్కువ చేయడం లేదు. కానీ లెక్కల పుస్తకంలో మరో పేజీ కూడా ఉంది. రాజ్యపు డబ్బు ఫిరంగులై తోటల్లో దాగింది. ఒక్క సోదాతో అంతా పోయింది. నవాబు పోయాక ఆయన్ను నమ్ముకున్న సిపాయిలకు, దివాణంలో పనిచేసేవాళ్లకు, వాళ్లమీద ఆధారపడ్డ పనివాళ్లకు బతుకుతెరువు పోయింది. కొత్త పాలనలో పనికొచ్చే చదువు వాళ్ల దగ్గర లేదు. మన పాతబస్తీ పేదరికానికి ఒక వేరు అక్కడ ఉంది.

నీళ్లు రాని ఏళ్లు

తరువాతి కాలం కాలువలది, కరువులది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ 1860లలో సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వింది. మనం కేసీ కెనాల్ అని పిలిచేది దానినే. సుమారు 300 కిలోమీటర్ల పొడవు. పొలాలకు నీళ్లు ఇవ్వడంతో పాటు పడవలు నడపాలని కూడా కట్టారు. కానీ రైతులు మొదట్లో ఆ నీళ్లు తీసుకోలేదు. నల్లరేగడిలో వానకే జొన్న పండే చోట నీటికి డబ్బు కట్టడం దండగ అనుకున్నారు. కంపెనీ నష్టపోయింది. చివరికి 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కుంది.

ఈలోపు 1876 నుంచి 1878 దాకా మహా కరువు వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో మనది ఒకటి. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య జిల్లా జనాభా పెరగకపోగా బాగా తగ్గిపోయింది. వద్దనుకున్న కాలువ విలువ రైతులకు ఆ కరువులోనే తెలిసింది.

కరువు పేరు చెప్పగానే మన జిల్లాలో తలుచుకునే మనిషి ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి. 1866 డొక్కల కరువులో తన గాదెలు తెరిచి వేలమందికి గంజి పోసి బతికించాడు. వచ్చినవాడి కులం, మతం అడగలేదు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఆయన నవాబు కాడు, జమీందారీ సైన్యం ఉన్నవాడు కాడు. ఒక ఊరి రెడ్డి. ఆయన మీద కట్టిన పాటలు సీమ పల్లెల్లో నేటికీ పాడుకుంటారు. కర్నూలును ఏలిన నవాబుల్లో ఎందరి మీద పాటలున్నాయో ఆలోచించండి.

ఫిరంగుల చోట బడి

ఇప్పుడు మన సమాజానికి నేరుగా సంబంధించిన పేజీకి వద్దాం. 1839లో నవాబీ పోయింది. 108 ఏళ్ల తరువాత, 1947లో, ఇదే ఊళ్లో ఉస్మానియా కాలేజీ పుట్టింది. దాన్ని పుట్టించినవాడు ఈ ఊరి బిడ్డ, అఫ్జలుల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హఖ్. అరబ్బీ, పార్శీ, ఉర్దూ పండితుడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి ప్రిన్సిపాలుగా పనిచేసినవాడు. మద్రాసులో న్యూ కాలేజీ నిలబెట్టడంలో ముందున్నవాడు. ఆయన చేతిలో కోట లేదు, జాగీరు లేదు. జోలె పట్టి దాతల దగ్గరకు వెళ్లాడు. హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీదనే కాలేజీకి ఉస్మానియా అని పేరు పెట్టారు.

రాయలసీమలో అప్పట్లో డిగ్రీ చదవాలంటే అనంతపురమో మదనపల్లో మద్రాసో పోవాలి. అలాంటి చోట ఈ కాలేజీ వచ్చింది. ముస్లిం పిల్లల కోసం మొదలైనా దాని తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి. ఈ జిల్లాలోని టీచర్లలో, వకీళ్లలో, ఆఫీసర్లలో, నాయకుల్లో అక్కడ చదివినవాళ్లు ఎందరో. అన్ని మతాలవాళ్లూ వాళ్లలో ఉన్నారు. 2016లో కర్నూలులో ఏర్పాటు చేసిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరే పెట్టారు.

గోల్ గుమ్మజ్ దారిలో నడిచి వెళితే ఈ రెండూ కనిపిస్తాయి. ఒకవైపు పాలకుడి సమాధి. పురావస్తు శాఖ దాన్ని కాపాడుతోంది, కాపాడాలి కూడా. ఆ దారిలోనే పొద్దున తొమ్మిదింటికి పుస్తకాల సంచులతో గుంపులు గుంపులుగా వెళ్లే పిల్లలు. అబ్దుల్ హఖ్ పెట్టించిన ఖర్చు ఈనాటికీ వడ్డీ ఇస్తూనే ఉంది. దీన్నే మన పెద్దలు సదఖా జారియా అన్నారు. చేసినవాడు పోయినా పుణ్యం పారుతూనే ఉంటుంది.

రాజధాని మూడేళ్లు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ప్రధాని నెహ్రూ వచ్చి ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం పంతులు తొలి ముఖ్యమంత్రి. కట్టడాలు చాలక ఆఫీసులను డేరాల్లో నడిపారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. డేరాలు ఎత్తేశారు. మనకు ఇప్పుడు ఆ మూడేళ్ల గుర్తులు ఫొటోల్లో, పెద్దల మాటల్లో ఉన్నాయి. మరుసటి ఏడు, 1957లో, వచ్చిన మెడికల్ కాలేజీ మాత్రం నిలిచింది. నాలుగు జిల్లాల పేదలు జబ్బు చేస్తే ఇప్పటికీ వచ్చేది కర్నూలు పెద్దాసుపత్రికే. హోదా పోయింది, ఆసుపత్రి నిలబడింది.

2009 అక్టోబరు 2

ఈ సభలో ఉన్నవాళ్లలో చాలామందికి ఈ తేదీ గురించి చెప్పనక్కర్లేదు. అయినా పిల్లల కోసం చెప్పాలి. ఆ ఏడు ఆగస్టు దాకా కరువు ఛాయలు. సెప్టెంబరు చివర్లో ఎగువన కుండపోత వానలు. వానాకాలం చివర కాబట్టి రిజర్వాయర్లలో నీళ్లున్నాయి. తుంగభద్రా పొంగింది, హంద్రీ కూడా పొంగింది. సుంకేసుల దగ్గర నీళ్లు గట్టును దాటి వచ్చాయి. దిగువన శ్రీశైలం నిండి ఉండటంతో వచ్చిన నీళ్లు త్వరగా దిగిపోలేదు. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆ డ్యామును 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా కట్టారు. రెండు ఏర్ల నడుమనున్న మన ఊరు గిన్నెలో బెల్లంలాగా నానిపోయింది.

పాతబస్తీలో, జోహరాపురంలో, కొత్తపేటలో, బుధవారపేటలో జనం మిద్దెల మీదికెక్కి రాత్రీ పగలూ గడిపారు. మసీదులు, గుళ్లు, చర్చిలు, బడులు, కల్యాణ మండపాలు ఎత్తున ఉన్నవన్నీ తలుపులు తెరిచాయి. ఎవరి ఇంట్లో బియ్యం పొడిగా ఉంటే వాళ్లింట్లో పొయ్యి వెలిగింది. ఇతర ఊళ్ల నుంచి దాతలు లారీల్లో అన్నం పొట్లాలు, దుప్పట్లు పంపారు. ఆ రోజుల్లో అందిన ప్రతి చేతికీ ఈ ఊరు రుణపడి ఉంది.

నీళ్లు తీశాక బురద మిగిలింది. బురదలో మంచాలు, గిన్నెలు కంటే ఎక్కువగా జనాన్ని ఏడిపించినవి కాగితాలు. పదో తరగతి సర్టిఫికెట్లు, ఇంటి పత్రాలు, రేషన్ కార్డులు, పింఛను పుస్తకాలు. మంచం మళ్లీ కొనుక్కోవచ్చు. పోయిన సర్టిఫికెట్ కోసం కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఏటి గట్టున స్థలం చౌక కాబట్టి పేదవాళ్లు అక్కడే ఇల్లు కట్టుకుంటారు. వరద మొదట వాళ్ల గడపే తొక్కుతుంది. నీళ్లు దిగిపోయాక ఆఖరుకు కోలుకునేదీ వాళ్లే.

ఇప్పుడు మన లెక్క

దాతలారా, ఈ పొడవాటి చరిత్రలో మనకు కనిపించే లెక్క ఇది. ఇక్కడ కోట కట్టినవాళ్ల కోట పోయింది. ఫిరంగులు దాచినవాళ్ల ఫిరంగులు పోయాయి. రాజధాని వచ్చి పోయింది. మిగిలినవి బండ మీద చెక్కిన బావుల మాట, సుంకేసుల కాలువ, ఉయ్యాలవాడ గంజి, ఉస్మానియా తరగతి గదులు, పెద్దాసుపత్రి మంచాలు. అవసరం కంటే ముందే కట్టినవి, అందరికీ తలుపు తెరిచినవి నిలబడ్డాయి.

మన సంస్థకు అందే దానంలో పెద్ద భాగం ఆపద వచ్చాక వస్తుంది. వరద వస్తే, అగ్నిప్రమాదం జరిగితే, ఎవరైనా మంచాన పడితే మన చేతులు వెంటనే జేబులోకి పోతాయి. అది అల్లాహ్ మన మనసుల్లో పెట్టిన కరుణ. దాన్ని తగ్గించమని మేము అడగడం లేదు. దానితో పాటు, ఆపద లేని ఏడాదిలో కూడా కొంత ఇమ్మని అడుగుతున్నాం. అడిగేది రెండు పనులకు.

ఒకటి, చదువు మధ్యలో ఆగిపోతున్న పిల్లలకు. పదో తరగతి తరువాత మగపిల్లలు మెకానిక్ షెడ్డుకో, అంగడికో పోతున్నారు. ఆడపిల్లలకు కాలేజీ దూరమైతే ఇంట్లోనే ఆగిపోతున్నారు. ఒక పిల్లకు డిగ్రీ మూడేళ్ల ఫీజు, బస్సు పాసు, పుస్తకాలు ఒక దాత పూర్తిగా భరిస్తే ఆ ఇంటి లెక్కే మారుతుంది. పదిమందికి ఒక్కో నెల ఇచ్చేకంటే ఒకరిని మూడేళ్లు చివరిదాకా తీసుకుపోవడం మేలు.

రెండు, ఏటి గట్టు పేటల్లో ముందు జాగ్రత్తకు. ప్రతి ఇంటి ముఖ్యమైన కాగితాలను కంప్యూటర్లో భద్రపరిచి, నకళ్లను నీళ్లు తగలని సంచిలో పెట్టి ఇంటివాళ్లకు ఇవ్వడం. ఏ వీధివాళ్లు ఏ ఎత్తైన చోటికి పోవాలో ముందే మాట్లాడి పెట్టుకోవడం. ముసలివాళ్లు, మంచం పట్టినవాళ్లు ఏ ఇళ్లల్లో ఉన్నారో వీధివారీ జాబితా. వీటికి లక్షలు అక్కర్లేదు. ఓపిక, నాలుగు ఆదివారాలు, కొంతమంది యువకులు చాలు. ఈ జాబితాలో మతం గడి ఉండదు. నీళ్లకు ఆ తేడా తెలియదు, మన సంస్థకూ ఉండకూడదు.

తుంగభద్ర మళ్లీ పొంగుతుంది. ఏ ఏడాది పొంగుతుందో అల్లాహ్‌కే తెలుసు. అప్పుడు గట్టు పక్క ఇంటి పిల్ల సర్టిఫికెట్ భద్రంగా ఉందా, ఆమె నాయనమ్మ ఎక్కడికి పోవాలో ముందే తెలుసా అన్నది మాత్రం ఈ ఏడాది మనం చేసే పనిని బట్టి ఉంటుంది. ఏరు దాటబోయే బండికి ఒడ్డునే కందెన పెట్టాలి. ఏట్లో దిగాక పెట్టలేం. అది తెలిసినవాళ్లు కట్టిన ఊరు మనది.

ఇచ్చిన చేతులకు అల్లాహ్ బరకత్ ఇవ్వాలని, ఈ ఊరినీ రెండు ఏర్ల ఒడ్డున ఉన్న ప్రతి ఇంటినీ కాపాడాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాం. ఆమీన్.